టాప్ వేరియంట్‌లో హ్యాండ్ బ్రేక్ లీవర్ లేదు, బటనే ఉంది – వాలు ర్యాంపు మీద నమ్మొచ్చా?

విశాఖ_వాలు
కొనబోయేది మాన్యువల్ గేర్ బండి. కింది వేరియంట్‌కి చేతి లీవర్, పై వేరియంట్‌కి బటన్‌తో పనిచేసే ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేక్ (ఈపీబీ). ఇంటి ముందు సెల్లార్‌లోకి దిగే ర్యాంపు గట్టి వాలు, లోపలంతా స్కూటర్లే కాబట్టి రాత్రంతా కారు ఆ ర్యాంపు మీదే ఉండాలి. షోరూమ్‌లో అడిగితే "లేటెస్ట్ టెక్నాలజీ సార్" అన్న ముక్క తప్ప ఇంకేం రాలేదు. నా అనుమానాలు మూడు. తెల్లారేదాకా ఆ మోటారు పట్టు సడలదా? బ్యాటరీ డౌన్ అయితే బండి కదిలేదెలా? వెనక ప్యాడ్లు వీధి చివరి మెకానిక్ మార్చగలడా, లేక ప్రతిసారీ సర్వీస్ సెంటరేనా?

పాతలీవర్
లీవర్ తీసుకోండి. కేబుల్ తెగితే వందల్లో పోతుంది. మోటారు పోతే వేలల్లో. చర్చ ముగిసింది.

నాలుగో_క్లిక్
చక్రం కింద ఇటుక పెడితే అదీ ఖర్చు కాదు. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ కూడా అక్కర్లేదు.

స్పానర్_సుబ్బు
పాతలీవర్ గారు ముగించేసినా నేను మొదలుపెడతాను. ముందు ఆ మోటారు ఏం చేస్తుందో తెలిస్తే సగం భయం పోతుంది.

ఇప్పుడు వస్తున్న బండ్లలో ఎక్కువగా వెనక కాలిపర్ (ప్యాడ్లతో డిస్క్‌ని నొక్కే భాగం) వీపున ఒక చిన్న మోటారు, దానికో గేర్ పెట్టె ఉంటాయి. బటన్ పైకి లాగితే మోటారు ఒక మరస్క్రూని తిప్పుతుంది. దాని మీద నట్టు ముందుకు జరిగి పిస్టన్‌ని లోపలి నుంచి నెడుతుంది, ప్యాడ్లు డిస్క్‌ని నొక్కేస్తాయి. ఎంత గట్టిగా నొక్కిందో కంట్రోల్ యూనిట్‌కి తెలిసేది మోటారు లాగే కరెంటును బట్టి. బిగుసుకునే కొద్దీ కరెంటు పెరుగుతుంది, అనుకున్న హద్దు తాకగానే ఆపేస్తుంది. ఒకటి రెండు సెకన్లు "జ్‌జ్‌జ్" అని వినపడేది అదే.

అసలు కీలకం ఆ స్క్రూలో ఉంది. దాని మరలు ఎంత పల్చటి వాలుతో ఉంటాయంటే, పిస్టన్ వెనక్కి తోసినా స్క్రూ తిరగదు. కారు జాకీ స్క్రూ లాగే. హ్యాండిల్ వదిలేసినా జాకీ దిగిపోదు కదా! కాబట్టి బిగిశాక కరెంటుతో పనే లేదు. రాత్రంతా మోటారు పట్టుకుని ఉంటుందనుకోవడం తప్పు, అది ఆగిపోయి గంటలు గడుస్తాయి. బ్యాటరీ తీసి పక్కన పెట్టినా పట్టు అలాగే ఉంటుంది.

విశాఖ_వాలు
మరి వేడి డిస్క్ చల్లారితే సన్నబడుతుంది కదా, అప్పుడు వదులు కాదా? ఎక్కడో చదివాను.

బ్రేక్_లెక్కలు
మంచి ప్రశ్న. అవుతుంది. ఘాట్ దిగి వచ్చిన వెంటనే పార్క్ చేస్తే డిస్కూ ప్యాడ్లూ వేడెక్కి ఉబ్బి ఉంటాయి. చల్లారే కొద్దీ కుంచించుకుపోయి పట్టు కొంత తగ్గుతుంది. ఈపీబీ ఉన్న బండి డిస్క్ వేడిని లెక్క కట్టుకుని, కొన్ని నిమిషాల తర్వాత తనంతట తానే ఇంకోసారి బిగిస్తుంది. తాళం వేసి వెళ్లాక వెనక నుంచి మళ్లీ "జ్‌జ్" వినపడితే దయ్యం కాదు, ఇదే.

ఇదే చిక్కు లీవర్ + వెనక డిస్క్ బండికీ ఉంది. అక్కడ రెండోసారి బిగించేది ఎవరూ లేరు. అందుకే వేడి మీద ఆపినప్పుడు ఒక క్లిక్కు ఎక్కువ లాగి, గేర్లో కూడా వేయాలి.

ఇక వాలు సంగతి. యూరప్ నుంచి వచ్చిన ఆర్13-హెచ్ నిబంధన ప్రకారం పార్కింగ్ బ్రేక్ నిండు బరువుతో ఉన్న కారుని 20 శాతం వాలు మీద, ఎక్కుడులోనూ దిగుడులోనూ, నిలబెట్టాలి. చేతి లీవర్ అయితే ఆ పనికి చేతి బలం 400 న్యూటన్లు దాటకూడదు, అంటే సుమారు 40 కిలోల లాగుడు. 20 శాతం అంటే 10 అడుగుల పొడవుకి 2 అడుగుల ఎత్తు, కోణంలో సుమారు 11 డిగ్రీలు. 1400 కిలోల బండి ఆ వాలు మీద కిందికి లాగే బలం దాదాపు 275 కిలోలు. మీ ర్యాంపుని టేపుతో కొలిచి చెప్పండి, అప్పుడు మాట్లాడదాం.

పాతలీవర్
40 కిలోల లాగుడు అని మీరే అన్నారు. ఇంట్లో పెద్దవాళ్లు అంత లాగలేరు కాబట్టి బటన్ మంచిదంటారు, అంతేగా? అసలు సరిగ్గా అడ్జస్ట్ చేసిన లీవర్‌కి అంత బలం అక్కర్లేదు. బాధంతా ఎక్కడంటే ఎవడూ సరిగ్గా అడ్జస్ట్ చేయడు.

స్పానర్_సుబ్బు
@పాతలీవర్ ఈ మాటకి మాత్రం చేయి కలుపుతా. లీవర్ పది క్లిక్కులు పైకి వచ్చిందంటే మెకానిక్ చేసేది ఒకటే, లీవర్ కింద కేబుల్ నట్టు బిగించేయడం. అది తప్పు, చెబుతా ఎందుకో.

వెనక డ్రమ్ బ్రేక్ (చక్రంతో తిరిగే డ్రమ్‌ని లోపలి నుంచి షూలు నొక్కే రకం) ఉన్న బండిలో లీవర్ ఎక్కువ పైకి రావడానికి చాలాసార్లు కారణం కేబుల్ కాదు. షూ లైనింగు అరిగి, డ్రమ్‌కీ షూకీ మధ్య ఖాళీ పెరగడం. ఆ ఖాళీని సరిచేయాల్సింది డ్రమ్ లోపలి ఆటో అడ్జస్టర్. కేబుల్ బిగిస్తే షూ మీదున్న పార్కింగ్ లీవర్ తాను ఆనుకునే చోటు వదిలి కాస్త ముందుకు జరిగి ఉండిపోతుంది. దాంతో అడ్జస్టర్ పనిచేయడం మానేస్తుంది. ఇవాళ హ్యాండ్ బ్రేక్ బిగువుగా ఉంటుంది, రెండు నెలలకి కాలి బ్రేక్ లోతుకి దిగడం మొదలవుతుంది.

సరైన వరస ఇదీ. ముందు చక్రాలకి రెండు వైపులా అడ్డం పెట్టి, వెనక భాగం లేపి స్టాండ్ల మీద నిలపండి, జాకీ మీద ఒదిలేయకండి. లీవర్ పూర్తిగా కిందికి. కేబుల్ నట్టు వదులు చేయండి. డ్రమ్ తీసి దుమ్ము తడిగుడ్డతోనో బ్రేక్ క్లీనర్‌తోనో తీయండి, ఊదకండి. లైనింగు మందం, వీల్ సిలిండర్ లీకు చూసుకోండి. అడ్జస్టర్ పళ్ల చక్రం తిప్పుతూ డ్రమ్ ఎక్కించినప్పుడు షూ సన్నగా రాసుకునేంత వరకు తేవాలి. కాలి బ్రేక్ పదిసార్లు నొక్కితే షూలు మధ్యలోకి సర్దుకుంటాయి. అప్పుడు, అప్పుడే, కేబుల్ నట్టు. ఒక క్లిక్కు మీద చక్రాలు ఫ్రీగా తిరగాలి, రెండు మూడింటికి రాపిడి తెలియాలి, ఐదు నుంచి ఏడులోపు రెండు చక్రాలూ చేత్తో తిప్పలేనంత బిగుసుకోవాలి. మీ మోడల్‌కి కచ్చితంగా ఎన్ని క్లిక్కులో వర్క్‌షాప్ మాన్యువల్‌లో ఉంటుంది. ఒక పక్క ముందే బిగుసుకుంటే ఆ రెండో పక్క కేబుల్ తొడుగులో తుప్పు పట్టి ఉండొచ్చు. అదే అయితే నట్టుతో కుస్తీ పట్టొద్దు, కేబుల్ మార్చండి.

నాలుగో_క్లిక్
నా హ్యాండిల్ పేరుకి ఇన్నాళ్లకి సాంకేతిక ఆధారం దొరికింది.

షికాగో_చలి
తుప్పు అన్నారు కాబట్టి. ఇక్కడ మంచు కరగడానికి రోడ్డు మీద ఉప్పు చల్లుతారు. ఆ నీళ్లు కేబుల్ తొడుగులోకి దూరితే తుప్పు సరే, రాత్రికి గడ్డ కట్టి పొద్దున లీవర్ దించినా షూ వదలదు. అందుకే గడ్డకట్టే చలిలో సమతల నేల మీదైతే హ్యాండ్ బ్రేక్ వేయొద్దని చాలా మాన్యువళ్లే రాస్తాయి. కాలిపర్ మోటారు బండిలో కేబులే లేదు, ఆ బాధ తప్పింది. అయితే ఇంజిన్ ఆపగానే తనంతట తాను పడే రకమైతే చలికాలంలో ఆ ఆటో పద్ధతిని ఆఫ్ చేసుకోవడం తెలిసి ఉండాలి, ప్యాడ్లు డిస్క్‌కి అతుక్కుంటాయి.

గోదారి_గట్టు
మంచు లేకపోయినా మనకీ అతుకుడు ఉంది. వానలో తడిసొచ్చిగానీ బండి కడిగిగానీ హ్యాండ్ బ్రేక్ వేసి వారం వదిలేస్తే షూ డ్రమ్‌కి తుప్పుతో అంటుకుంటుంది. కదిల్చినప్పుడు "టప్" మని ఊడొస్తుంది. ఎక్కువ రోజులు అయితే లైనింగే ఊడి డ్రమ్ మీద ఉండిపోవచ్చు. సమతలం మీద వారం పైన వదిలేయాలంటే హ్యాండ్ బ్రేక్ దించి, గేర్లో వేసి, చక్రానికి అడ్డం పెట్టడమే. నాలుగో_క్లిక్ ఇటుక జోకు కాదు.

కరెంటు_కారు
ఎలక్ట్రిక్ బండ్లలో ఇంకో కోణం. రీజెన్ (యాక్సిలరేటర్ వదిలితే మోటారే బండిని నెమ్మది చేసి బ్యాటరీ నింపడం) వల్ల కాలి బ్రేక్ వాడకం తక్కువ, కాబట్టి వెనక డిస్కులు పనిలేక తుప్పు పడతాయి. ఫోక్స్‌వ్యాగన్ ఐడీ.3, ఐడీ.4లకి వెనక డ్రమ్ములు పెట్టడానికి అదొక కారణం. గమ్మత్తు ఏంటంటే వాటి పార్కింగ్ బ్రేక్ ఎలక్ట్రానిక్. డ్రమ్ ఉంటే లీవరే, డిస్క్ ఉంటేనే బటన్ అనేది రూలేం కాదు. మన దగ్గర నెక్సాన్ ఈవీ మ్యాక్స్ 2022లో వచ్చినప్పుడు వెనక డిస్కులు, ఈపీబీ, ఆటో హోల్డ్ (ఆగినప్పుడు కాలు తీసినా బండిని పట్టి ఉంచేది) ఒకేసారి వచ్చాయి కాబట్టి జనం మూడూ ఒకటే అనుకుంటారు.

పాతలీవర్
సరే, బ్యాటరీ ప్రశ్నకి ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు. మళ్లీ అడుగుతున్నా. సెల్లార్‌లో బ్యాటరీ చచ్చింది, ఈపీబీ బిగిసి ఉంది. ఏం చేస్తారు?

స్పానర్_సుబ్బు
జంప్ కేబుల్. తొంభై తొమ్మిది సార్లు అంతే. బయటి బ్యాటరీ తగిలించి, ఇగ్నిషన్ ఆన్, కాలి బ్రేక్ నొక్కి, బటన్ కిందికి. బూస్టర్ ప్యాక్ ఒకటి ఉంటే మీకు మీరే. అది డిక్కీలో కాకుండా లోపల పెట్టుకోండి, కరెంటు లేకపోతే కొన్ని బండ్ల డిక్కీ కూడా తెరుచుకోదు :) ఎలక్ట్రిక్ కార్లకీ ఇదే వర్తిస్తుంది. పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా 12 వోల్టుల చిన్న బ్యాటరీ చస్తే బటన్ పలకదు.

మోటారో వైరో పోయి విడుదల కాకపోతే ఆఖరి దారి చేతిపని. కాలిపర్ వెనక మోటారుని పట్టుకున్న రెండు స్క్రూలు (టార్క్స్ గానీ ఆలెన్ గానీ) విప్పి మోటారు లాగేస్తే స్పిండిల్ (ముందు చెప్పిన మరస్క్రూ) తల కనపడుతుంది. సరైన బిట్‌తో దాన్ని వెనక్కి తిప్పితే చక్రం వదులుతుంది. ఆ పని మొదలుపెట్టే ముందు వాలు మీద ఉంటే చక్రాలకి అడ్డాలు తప్పనిసరి. బ్రేక్ వదలగానే బండి మీ మీదకే వస్తుంది. లోపల హైడ్రాలిక్ గది మూసే ఉంటుంది కాబట్టి మోటారు తీస్తే బ్రేక్ ఆయిల్ కారదు. తిరిగి బిగించేప్పుడు ఓ-రింగు నలగకుండా చూసుకోవాలి, లేకపోతే వానాకాలం నీళ్లు దూరతాయి.

పాతలీవర్
ఇదంతా సెల్లార్‌లో రాత్రి పదింటికి చేయాలి. లీవర్ అయితే బొటనవేలితో ఒక్క నొక్కు.

బ్రేక్_లెక్కలు
అదే నొక్కు కారులో వదిలేసిన నాలుగేళ్ల పిల్లాడు కూడా నొక్కగలడు, తాళం అక్కర్లేదు. ఈపీబీ విడుదలకి ఇగ్నిషన్ ఆన్ ఉండాలి, కాలి బ్రేక్ నొక్కి ఉండాలి. వాలు మీద పార్క్ చేసేవాళ్లకి ఇది చిన్న విషయం కాదు.

హెచ్_ట్రాక్
మధ్యలో దూరుతున్నా. నడుస్తుండగా కాలి బ్రేక్ ఫెయిల్ అయితే? లీవర్‌ని మెల్లగా లాగొచ్చు. బటన్ అయితే ఆన్, ఆఫ్ రెండే కదా?

బ్రేక్_లెక్కలు
కాదు. నడుస్తున్నప్పుడు బటన్ పైకి లాగి అలాగే పట్టుకుంటే ఈఎస్‌సీ (బండి అదుపు తప్పకుండా చూసే వ్యవస్థ) పంపు తానే ఆయిల్ ప్రెషర్ పెంచి నాలుగు చక్రాలకీ బ్రేక్ వేస్తుంది. ఏబీఎస్ కూడా పనిచేస్తూనే ఉంటుంది. బటన్ వదిలితే బ్రేక్ వదిలేస్తుంది. బండి ఆగాకే మోటార్లు బిగుస్తాయి. ఆయిలే పోయిందనుకోండి, అప్పుడు వెనక మోటార్లతోనే, చక్రం లాక్ కాకుండా చూసుకుంటూ నెమ్మదిగా ఆపుతుంది. లీవర్ మాత్రం మామూలుగా వెనక రెండు చక్రాలకే. అదీ గాభరాలో ఒక్కసారిగా లాగితే వెనక చక్రాలు లాక్ అయి బండి గిర్రున తిరుగుతుంది. లీవర్ వాడాల్సి వస్తే దాని కొనమీది బటన్ నొక్కి పట్టుకునే లాగాలి, పట్టు పెంచడం తగ్గించడం చేతిలో ఉంటుంది. రెండింటిలోనూ ముందు చేయాల్సింది గేర్లు దించడం.

గోదారి_గట్టు
"వెనక రెండే" అన్నారు కాబట్టి ఒక మాట. తిరుమల దిగేప్పుడో మారేడుమిల్లి ఘాట్‌లోనో లీవర్ రెండు క్లిక్కులు లాగి దిగేవాళ్లున్నారు, "కాలి బ్రేక్ మీద భారం తగ్గుతుంది" అంటూ. సున్నా. వెనక డ్రమ్ములు బాగా వేడెక్కి లైనింగు గాజులా నున్నబడుతుంది, ఆ తర్వాత వాలు మీద పార్కింగ్ కూడా నిలవదు. రెండో గేరే దానికి మందు.

విశాఖ_వాలు
రెండు అనుమానాలు తీరాయి. మూడోది ప్యాడ్లు. ఇంకోటి కూడా, ర్యాంపు ఎక్కేప్పుడు మాన్యువల్ గేర్‌తో ఈపీబీ ఎలా ఉంటుంది?

కరెంటు_కారు
ఎక్కడం సులువే. క్లచ్ పట్టు తగిలేదాకా వదులుతూ యాక్సిలరేటర్ ఇస్తే తానే విడుదలవుతుంది, రివర్స్‌లో కూడా. కానీ షరతులు: డోర్ మూసి ఉండాలి, సీటు బెల్టు పెట్టుకుని ఉండాలి. ఇంటి ముందు బండి సర్దుతూ బెల్టు లేకుండా, తల బయట పెట్టడానికి డోరు సగం తెరిచి యాక్సిలరేటర్ నొక్కేవాళ్లు "బండి కదలట్లేదు, పాడైంది" అంటారు. పాడవలేదు, అలిగింది. కాలి బ్రేక్ నొక్కి బటన్‌తో మీరే వదలాలి.

సెల్లార్‌లో అంగుళాల లెక్కన జరిపేప్పుడు ఆటో హోల్డ్ ఆఫ్ చేయండి. ప్రతిసారీ పట్టుకుని వదిలేప్పుడు బండి ముందుకి తుళ్లుతుంది, ముందు స్తంభం ఉంటే ముద్దు పెట్టుకుంటుంది.

పాతలీవర్
చూశారా! లీవర్‌తో సగం వదిలి జానెడు జానెడు దించొచ్చు. ఈ ఒక్క పనికి బటన్ ఎప్పటికీ సాటి రాదు.

స్పానర్_సుబ్బు
ఒప్పుకుంటున్నా, ఇది నిజం.

ఇక ప్యాడ్లు. ఎక్కువ బండ్లు పాడయ్యేది ఇక్కడే, అదీ మోటారు తప్పు వల్ల కాదు. సి-క్లాంపు పెట్టి పిస్టన్‌ని బలంగా లోపలికి నొక్కుతారు. లోపల స్పిండిల్ నట్టు ముందుకు వచ్చి ఉంటే అది అడ్డుపడుతుంది. ఇంకా బిగిస్తే నట్టో గేర్ పళ్లో పోతాయి. మెకానిక్‌ని అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: "స్కానర్ (బండి కంప్యూటర్‌కి తగిలించే పరికరం) ఉందా, సర్వీస్ మోడ్‌లో పెట్టడం వచ్చా?" నీళ్లు నమిలితే తాళం ఇవ్వకండి.

చేసే వరస: బ్యాటరీకి ఛార్జర్ తగిలించి ఉంచాలి, సగంలో ఓల్టేజీ పడితే ఎర్రర్ వస్తుంది. ముందు చక్రాలకి అడ్డం. ఈపీబీ విడుదల. స్కానర్‌లో బ్రేక్ మెనూకి వెళ్లి వెనక ప్యాడ్ మార్పిడి మోడ్ ఆన్ చేస్తే మోటారు నట్టుని పూర్తిగా వెనక్కి లాక్కుంటుంది. (కొన్ని మోడళ్లలో స్కానర్ లేకుండా పెడల్, బటన్ కలిపి నొక్కే పద్ధతి ఉంది, ఓనర్ మాన్యువల్‌లోనో వర్క్‌షాప్ మాన్యువల్‌లోనో చూడాలి. యూట్యూబ్‌లో వేరే మోడల్‌ది చూసి చేయొద్దు.) ఇగ్నిషన్ ఆఫ్. ఇక్కడి నుంచి ఎవరూ బటన్ ముట్టుకోకూడదు. కాలిపర్ ఊడి ఉండగా బటన్ లాగితే పిస్టన్ బయటికి వచ్చేస్తుంది, మధ్యలో వేలు ఉంటే వేలు.

పిస్టన్ ఇప్పుడు నేరుగా, నెమ్మదిగా లోపలికి పోతుంది. తిప్పొద్దు. బ్రేక్ ఆయిల్ డబ్బా మూత వదులు చేసి ఉంచండి, పొంగేలా ఉంటే ముందే కొంత తీసేయండి, పెయింటు మీద పడితే తినేస్తుంది. కాలిపర్ జరిగే స్లయిడ్ పిన్నులు శుభ్రం చేసి సిలికాన్ గ్రీజు. కొత్త ప్యాడ్లు ఎక్కించి కాలిపర్ బిగించాక, మోడ్ లోంచి బయటికి రాకముందే కాలి బ్రేక్ గట్టిపడేదాకా నొక్కాలి. ఇది మర్చిపోతే పిస్టన్‌కీ ప్యాడ్‌కీ మధ్య ఖాళీ ఉండి, మోటారు ఎంత తిరిగినా బిగువు తగలక ఎర్రర్ కొడుతుంది. ఆఖర్న మోడ్ ఆఫ్, బటన్ మూడుసార్లు లాగి వదలడం.

బ్రేక్_లెక్కలు
దీనికి తిరగేసిన తప్పు లీవర్ + వెనక డిస్క్ బండ్లలో జరుగుతుంది. అక్కడ పిస్టన్‌ని నొక్కుతూ తిప్పాలి, ఎక్కువ వాటిల్లో గడియారం దిశలో. నేరుగా నొక్కితే లోపలి అడ్జస్టర్ పోతుంది. పిస్టన్ ముఖం మీది గాడి ప్యాడ్ వెనక ముక్కుకి సరిగ్గా ఎదురు రావాలి. అంటే ఒకటి తిప్పకూడదు, ఒకటి తిప్పాలి. మెకానిక్‌కి ఏది ఏదో తెలియకపోతే రెండూ పోతాయి.

హెచ్_ట్రాక్
లీవర్ బండికి ఈపీబీ బయట పెట్టించుకోవచ్చా? ఒకాయన చేస్తానంటున్నాడు.

స్పానర్_సుబ్బు
కాలిపర్లు, కంట్రోల్ యూనిట్, ఈఎస్‌సీ సాఫ్ట్‌వేర్, వైరింగ్, అన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలి. బ్రేక్ మీద ప్రయోగాలు వద్దు. ఆయన్ని సీటు కవర్లు వేయమనండి.

గోదారి_గట్టు
ఈపీబీలో వచ్చే అసలు రోగాలు ఎవరైనా చెప్పండి. పొగడ్తలు ఎక్కువయ్యాయి.

కరెంటు_కారు
వెనక చక్రం దగ్గర వైరు కదిలి కదిలి లోపల తెగడం. కనెక్టర్‌లోకి నీళ్లు. ఎలుకలు (సెల్లార్ అన్నారు కాబట్టి ఇది మొదట రాయాల్సింది). బ్యాటరీ బలహీనమైతే ఈపీబీ ఏబీఎస్ లైట్లు కలిసి వెలగడం, అప్పుడు కాలిపర్ విప్పే ముందు బ్యాటరీ చూడాలి. మోటారు శబ్దం ఒక పక్క నుంచే వస్తే రెండో పక్క పోయినట్టే. బ్యాటరీ మార్చాక లైటు మిణుకుమంటుంటే చాలా బండ్లలో కాలి బ్రేక్ నొక్కి ఒకసారి లాగి వదిలితే సర్దుకుంటుంది.

విశాఖ_వాలు
టేపుతో కొలిచా. 14 అడుగుల సమతల పొడవుకి 26 అంగుళాల ఎత్తు.

బ్రేక్_లెక్కలు
168 అంగుళాలకి 26, అంటే 15.5 శాతం. 20 లోపే ఉంది. 1400 కిలోల బండికి కిందికి లాగే బలం సుమారు 215 కిలోలు. సరిగ్గా ఉన్న ఏ పార్కింగ్ బ్రేక్‌కైనా ఇది మోయగలిగే బరువే. అయినా ఒక్క బ్రేక్ మీదే వదలొద్దు. ముందు భాగం కిందికి ఉంటే రివర్స్ గేర్లో, పైకి ఉంటే మొదటి గేర్లో, స్టీరింగు గోడ వైపుకి తిప్పి.

వరస కూడా ముఖ్యం: కాలి బ్రేక్ మీద ఉండగా న్యూట్రల్, పార్కింగ్ బ్రేక్, తర్వాత కాలు మెల్లగా తీసి బరువంతా బ్రేక్ మీద పడనివ్వండి. అప్పుడు ఇంజిన్ ఆపి గేర్. ఆటోమేటిక్ అయితే ఇది ఇంకా ముఖ్యం. ముందే పీ (పార్క్)లో పెట్టి కాలు తీస్తే బరువంతా గేర్‌బాక్స్‌లోని చిన్న కొక్కెం మీద వేలాడుతుంది, పొద్దున పీ నుంచి తీసేప్పుడు "ఠంగ్" మంటుంది.

హెచ్_ట్రాక్
ఏఎంటీ (క్లచ్ పెడల్ లేకుండా మాన్యువల్ గేర్లనే తానే మార్చే) బండ్లకి?

బ్రేక్_లెక్కలు
మన ఏఎంటీలు చాలావాటికి పీ లేదు. గేర్లో ఉంచే ఇంజిన్ ఆపి, హ్యాండ్ బ్రేక్ లాగాలి. న్యూట్రల్‌లో వదిలేస్తే బండిని ఆపేది హ్యాండ్ బ్రేక్ ఒక్కటే.

విశాఖ_వాలు
టెస్ట్ డ్రైవ్ బండిని ఇంటికే తెమ్మన్నా, శనివారం వస్తుంది. ర్యాంపు మీద ఏం చూడాలి?

స్పానర్_సుబ్బు
నలుగురు కూర్చోండి. న్యూట్రల్, బటన్, కాలు మెల్లగా తీయండి. అంగుళం కూడా జారకూడదు. రెండు పక్కల నుంచీ శబ్దం వచ్చిందో లేదో బయట ఒకరు వినాలి. ఇంజిన్ ఆపి పావుగంట వదిలి చూడండి. తర్వాత రివర్స్‌లో ఎక్కించండి, బటన్ ముట్టకుండా. బ్రేక్ పట్టు పరీక్ష ముక్కు కిందికి పెట్టి ఒకసారి, పైకి పెట్టి ఒకసారి చేయండి. ఇదే పరీక్ష కింది వేరియంట్ లీవర్‌తో కూడా చేయండి, ఇంట్లో అందరి చేతా లాగించి.

పాతలీవర్
ఆ చివరి వాక్యం బోల్డ్‌లో పెట్టండి.

నాలుగో_క్లిక్
శనివారం ఇటుక ఒకటి పక్కన రెడీగా ఉంచుకోండి.